సెమినార్ హాల్లో ఎకరం చెరువు

గోదావరి డెల్టాలో కెమికల్ ఇంజనీరింగ్ పరిశోధనకు అంశాల కరువు లేదు. కాకినాడలో ఎరువుల కర్మాగారాలు, వంటనూనె రిఫైనరీలు ఉన్నాయి. తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ ఉంది. గాడిమొగ దగ్గర 2009 నుంచి సముద్రంలోని కేజీ-డీ6 క్షేత్రం గ్యాసు ఒడ్డుకు చేరుతోంది. రాజమహేంద్రవరంలో కాగితం మిల్లు, తణుకులో 1947లో పుట్టిన ఆంధ్రా షుగర్స్, భీమవరం చుట్టూ రొయ్యల చెరువులు, ఏ ఊరు వెళ్లినా రైసు మిల్లు వెనక ఊక బూడిద గుట్ట. తాడేపల్లిగూడెం నిట్‌లోనైనా, కాకినాడ జేఎన్‌టీయూ పెట్రోలియం విభాగంలోనైనా, చుట్టుపక్కల కాలేజీల్లోనైనా పరిశోధన విద్యార్థికి ముందు తట్టేవి ఇవే.

అందుకే ఇక్కడి సెమినార్లలో అంశం సొంతూరిదే అయివుంటుంది. చిక్కేమిటంటే, ఆ ఊరు మొదటి స్లైడు దాటి ముందుకు రాదు. మొదటి స్లైడులో చెరువు ఫొటో, ఏరేటర్లు, రైతు. రెండో స్లైడు నుంచి డిస్టిల్డ్ వాటర్, 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కు, 150 ఆర్‌పీఎం షేకర్. చివరి స్లైడులో మళ్లీ చెరువు ప్రత్యక్షమై, ‘ఈ పదార్థం ఆక్వా రైతులకు ఎంతో ఉపయోగపడుతుంది’ అన్న వాక్యం పడుతుంది. ఫ్లాస్కుకూ చెరువుకూ మధ్య లెక్క ఎక్కడా ఉండదు. ప్రసంగం దెబ్బతినేది అక్కడే. మాట తడబడటం, ఇంగ్లిష్ సరిగా రాకపోవడం, స్లైడు రంగులు వంటివన్నీ ఆ తరవాతి సంగతులు.

ఈ ప్రసంగాలు ఎవరి ముందు, ఎప్పుడు జరుగుతాయో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ విద్యార్థి ఆరు నెలలకోసారి పరిశోధన సలహా కమిటీ ముందు పని చూపించాలి. 2022 నిబంధనల్లో అది సెమిస్టరుకోసారి అయింది. సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు విభాగంలో అధ్యాపకులకూ తోటి స్కాలర్లకూ ప్రవేశమున్న ప్రసంగం, చివర్లో బహిరంగ వైవా. ఇవిగాక బీటెక్, ఎంటెక్ ప్రాజెక్టు రివ్యూలు, బయటి నుంచి వచ్చినవారి ప్రసంగాలు, ఏటా డిసెంబరు ఆఖరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ ఇంజనీర్స్ జరిపే కెమ్‌కాన్. కాన్ఫరెన్సులో పది పదిహేను నిమిషాలే దొరుకుతాయి, విభాగంలో ముప్పావు గంట దొరకొచ్చు. ప్రసంగం మాత్రం ప్రతిచోటా థీసిస్ అధ్యాయాల వరసలోనే నడుస్తుంది: ఉపోద్ఘాతం, సాహిత్య సమీక్ష, పదార్థాలు, పద్ధతులు... థీసిస్ చదివేవాడు కావాలంటే వెనక్కి తిప్పుకుంటాడు. హాల్లో కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. ముప్పై పేపర్లను ఎనిమిది పాయింట్ల అక్షరాల్లో ఒకే పట్టికగా కూరిన స్లైడును ఎవరూ చదవరు. అది సరిగ్గా చదివే ఓపికున్న ఒక్క మనిషి అందులో తప్పు పట్టుకోవడానికే చదువుతాడు.

20 నిమిషాల ప్రసంగంలో సమస్య చెప్పడానికి 3 నిమిషాలు చాలు, అదీ అంకెతో చెప్పాలి. పద్ధతికి 4 నిమిషాలు. ఫలితాలకు 8 నిమిషాలు ఇచ్చినా అందులో సగం ఒకే గ్రాఫు దగ్గర నిలబడి మాట్లాడాలి. మిగిలిన సమయమంతా ఫ్లాస్కు నుంచి బయటికి వెళ్లే లెక్కకే.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒక అంశం పట్టుకుని చివరిదాకా చూడాలి. ఊక బూడిద నుంచి జియోలైట్ (సన్నటి రంధ్రాల్లో అయాన్లను పట్టుకునే సిలికా-అల్యూమినా పదార్థం) తయారుచేసి, దాంతో చెరువులో అమ్మోనియా తగ్గించడం. డెల్టా విభాగాల్లో ఎవరికైనా తోచే అంశమే. ఆక్వా రైతులు జియోలైట్ పొడి కొని చెరువులో చల్లడం మామూలే కాబట్టి వినేవాళ్లకూ కొత్త కాదు.

బూడిద నుంచి మొదలు

టన్ను ధాన్యం ఆడితే సుమారు 200 కిలోల ఊక, అది కాలిస్తే 40 కిలోల దాకా బూడిద. అందులో 85 నుంచి 95 శాతం సిలికా. ఈ మూడు అంకెలు చెప్పాక వెంటనే చెప్పాల్సింది, బూడిద ఎక్కడిది అని. ప్రయోగశాల ఫర్నేసులో 600 డిగ్రీల దగ్గర నిదానంగా కాలిస్తే తెల్లటి, స్ఫటికం కాని సిలికా వస్తుంది. క్షారంలో అది సులువుగా కరుగుతుంది. మిల్లు బాయిలర్ బూడిద నల్లగా ఉంటుంది, కాలని కార్బన్ అందులో మిగిలిపోతుంది. పైగా మంట 800 డిగ్రీలు దాటినచోట సిలికా క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా మారి సోడియం హైడ్రాక్సైడులో కరగనని మొండికేస్తుంది. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (స్ఫటిక నిర్మాణాన్ని చూపే పరీక్ష) గ్రాఫులో టూ-తీటా (కిరణం మళ్లిన కోణం) 22 డిగ్రీల దగ్గర వెడల్పాటి గుట్ట కనబడితే మంచి బూడిద. అక్కడే సన్నటి ముల్లు లేచి నిలబడితే క్రిస్టోబలైట్. ఫర్నేసు బూడిదతో పనిచేసి ‘వ్యర్థాల వినియోగం’ అని శీర్షిక పెట్టుకున్నవారిని మొదట అడిగే ప్రశ్న, ‘మిల్లు బూడిదతో చేశారా?’ అనే. చేయకపోతే శీర్షికలో ఆ మాట ఉండకూడదు.

తయారీ స్లైడు ఒకటి చాలు. బూడిదను సోడియం హైడ్రాక్సైడు ద్రావణంలో మరిగించి వడకడితే సోడియం సిలికేట్ దిగుతుంది. దానికి సోడియం అల్యూమినేట్ కలిపి, 90–100 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, వడకట్టి, క్షారం పోయేదాకా కడిగి, ఆరబెడతారు. చెప్పాల్సిన కిటుకు సమయంలో ఉంది: ఎక్కువసేపు ఉంచితే ఇక్కడ కావలసిన జియోలైట్-ఎ కాస్తా సోడలైటు అనే వేరే స్ఫటికంగా మారిపోతుంది, దాని రంధ్రాలు బాగా చిన్నవి. ‘ఎన్ని గంటలు?’ అన్నదానికి అంకె చెప్పడం సులువే. ఆ అంకెకు అటూ ఇటూ ఏమవుతుందో చూపే రెండు డిఫ్రాక్షన్ గ్రాఫులు పక్కన పెట్టినవారి మీదే నమ్మకం కుదురుతుంది. బూడిద, ఉత్పత్తి, ప్రామాణిక జియోలైట్ మూడింటి గీతలూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే బొమ్మగా చూపితే నోటితో వివరించే పని సగం తగ్గుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోలు ఒక స్లైడులో నాలుగు అంటించడం ఒక అలవాటు. అందులో మూడు దేన్నీ రుజువు చేయవు. ఘనాకారపు స్ఫటికాలు కనబడే ఒక ఫొటో, చదవగలిగే స్కేలు గీతతో ఉంటే పని అయిపోతుంది.

ఇక సిలికా జమాఖర్చు. 100 గ్రాముల బూడిదలో 90 గ్రాముల సిలికా ఉందనుకుందాం. ఉత్పత్తిలోకి 60 వెళ్లింది, వడపోత నీటిలో 12 పోయింది, కరగని మడ్డిలో 10 మిగిలింది. మొత్తం 82. తక్కిన 8 ఏమైందో తెలియదు. ఈ 8ని దాచకుండా స్లైడు మీద పెట్టినవారిని హాల్లో ఎవరూ చులకనగా చూడరు. జమాఖర్చు వేయనే వేయనివారిని మాత్రం రసాయన ఇంజనీర్లు వదలరు. పదార్థం లోపలికి ఎంత వెళ్లిందో, బయటికి ఎంత వచ్చిందో కూడడం ఈ శాస్త్రంలో మొదటి పాఠం.

గ్రాఫుల్లో జరిగే మోసం

మోసం అన్నది పెద్ద మాటే. ఎవరూ కావాలని చేయరు, ముందు పేపర్లలో చూసిన పద్ధతినే దించేస్తారు. అయినా వినేవాడు మోసపోవడం నిజం.

ప్రయోగం ఇలా ఉంటుంది. లీటరుకు 50 మిల్లీగ్రాముల అమ్మోనియం నైట్రోజన్ ఉన్న ద్రావణం 50 మిల్లీలీటర్లు, అందులో 0.1 గ్రాము జియోలైట్. చివరికి గాఢత 5కు దిగింది. తగ్గిన 45ను 0.05 లీటరుతో గుణించి 0.1తో భాగిస్తే గ్రాము జియోలైట్ పట్టుకున్నది 22.5 మిల్లీగ్రాములు. తొలగింపు 90 శాతం. రెండూ నిజమే, కానీ శాతం మాత్రం ఎంత పొడి వేశారో చెప్పకపోతే అర్థం లేని అంకె. పొడి పెంచుకుంటూ పోతే శాతం ఎలాగూ పెరుగుతుంది, గ్రాముకు పట్టే పరిమాణం తగ్గుతుంది.

ఈ రెండింటినీ ఎడమ అక్షం మీద ఒకటి, కుడి అక్షం మీద ఒకటి గీసి, గీతలు ఒకదాన్నొకటి దాటిన చోటును ‘ఆప్టిమమ్ డోసేజ్’ అని బాణం గుర్తు పెట్టడం అధిశోషణ (ఒక పదార్థాన్ని ఘనపదార్థం తన ఉపరితలం మీద పట్టుకోవడం) ప్రసంగాల్లో తరచూ కనిపించే దృశ్యం. కుడి అక్షాన్ని 0–30 బదులు 0–60కి మార్చండి, ఆ చోటు కదిలిపోతుంది. అక్షం ఎక్కడ ఆపాలన్నది గీసినవాడి ఇష్టం కాబట్టి ఆ ‘ఆప్టిమమ్’ కూడా అతని ఇష్టమే. సరైన మోతాదును నిర్ణయించేది చివరికి నీటిలో ఎంత మిగలాలి, పొడి ధర ఎంత అన్న రెండు విషయాలు. గీతల కూడలికి వాటితో సంబంధం లేదు.

ఇంకొకటి, ‘సూడో సెకండ్ ఆర్డర్ నమూనా బాగా సరిపోయింది, ఆర్-స్క్వేర్ 0.99’ అన్న వాక్యం. మొదటిది అధిశోషణ వేగానికి వాడే ఒక సమీకరణం, రెండోది గీత కొలతలకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా కలిసినట్టు. సమయాన్ని అప్పటికి పట్టిన పరిమాణంతో భాగించి, దాన్ని మళ్లీ సమయానికే ఎదురుగా గీస్తారు. రెండు అక్షాల్లోనూ సమయమే ఉన్నప్పుడు గీత తిన్నగా రాక ఏం చేస్తుంది? ఒక చిన్న పరీక్ష: 30, 60, 90, 120 నిమిషాల దగ్గర కొలతలు 8.1, 7.6, 8.3, 7.9 అనుకోండి. అంటే అరగంటకే సమతుల్యం వచ్చేసింది, తరవాతదంతా కొలతల్లో వచ్చే ఊగిసలాటే, వేగం గురించి అందులో ఒక్క ముక్కా లేదు. అయినా భాగించి గీస్తే 3.70, 7.89, 10.84, 15.19 వచ్చి, ఆర్-స్క్వేర్ 0.99 పైనే తేలుతుంది. వేగం గురించి మాట్లాడాలంటే మొదటి పది నిమిషాల్లోనే ఐదారు కొలతలు ఉండాలి. సమీకరణాన్ని సరళరేఖగా వంచకుండా నేరుగా వక్రానికే సరిపెట్టి చూపాలి. ఆ తొలి నిమిషాల్లో శాంపిల్ తీసి వడకట్టడం కష్టం, అందుకే చాలామంది 15 నిమిషాల నుంచి మొదలుపెడతారు. అప్పటికి జరగాల్సిందంతా జరిగిపోయి ఉంటుంది.

చెరువు దగ్గర

ఇప్పుడు అసలు స్లైడు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. లోతు 1.2 మీటర్లు, అంటే ఇంచుమించు నాలుగడుగులు. నీరు 4,856 ఘనపు మీటర్లు, లీటర్లలో 48 లక్షల 56 వేలు. అందులో అమ్మోనియా నైట్రోజన్‌ను లీటరుకు ఒక్క మిల్లీగ్రాము తగ్గించాలన్నా 4.86 కిలోలు తీయాలి. గ్రాముకు 22.5 మిల్లీగ్రాముల లెక్కన 216 కిలోల జియోలైట్. ఇక్కడిదాకా బాగానే ఉంది, చాలా ప్రసంగాలు ఈ అంకె దగ్గరే ఆగి చప్పట్లు అందుకుంటాయి.

అయితే ఆ 22.5 వచ్చింది చివరి గాఢత లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు. చెరువులో చివరికి 0.5 మిగలాలంటే పదార్థం ఆ గాఢతకు తగినంతే పట్టుకుంటుంది. తక్కువ గాఢతల్లో సంబంధం సరళంగా ఉందనుకుంటే పదో వంతు, అంటే గ్రాముకు 2.25. అప్పుడు కావలసింది 2.16 టన్నులు.

ఆపైన ఉప్పు. ఉప్పదనం వెయ్యికి ఐదు పాళ్లున్న రొయ్యల చెరువులో సోడియం లీటరుకు సుమారు 1,540 మిల్లీగ్రాములు. అమ్మోనియం నైట్రోజన్ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉందనుకుని మోల్‌లలో చూస్తే ఒక్క అమ్మోనియం అయానుకు దాదాపు 940 సోడియం అయాన్లు పోటీ. జియోలైట్ పనిచేసేదే అయాన్ల మార్పిడితో; తెచ్చిన సోడియం వదిలి అమ్మోనియం పట్టుకోవాలి. చుట్టూ సోడియమే ఉంటే ఎందుకు వదులుతుంది? ఎంత పడిపోతుందన్నది కొలిచి చూపాల్సిన విషయం. మరో పదో వంతుకు పడితే ఎకరానికి 21 టన్నులు దాటుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో చేసిన ప్రయోగం ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. చెరువు నీటితో ఒక్క ప్రయోగం చెప్పగలదు, దానికయ్యే ఖర్చు ఒక క్యాను, భీమవరం బస్సు టికెట్టు.

పీహెచ్ సంగతీ అంతే. అమ్మోనియం అయాన్‌గా ఉన్నదాన్నే జియోలైట్ పట్టుకుంటుంది. రొయ్యను ఇబ్బంది పెట్టేది అయాన్ కాని అమ్మోనియా. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 8లో ఈ రెండో రూపం 5 శాతం చిల్లర, పీహెచ్ 9కి వెళితే 36 శాతం. మధ్యాహ్నం ఎండలో నాచు కార్బన్ డయాక్సైడును లాక్కుని చెరువు పీహెచ్‌ను పైకి లేపుతుంది. ‘పీహెచ్ 6 దగ్గర అత్యధిక ఫలితం’ అన్న స్లైడు చూసి ఆక్వా తెలిసినవారు నవ్వుకునేది అందుకే.

ఇంకో మెట్టు దిగితే, 2.16 టన్నుల జియోలైట్‌-ఎలో మూడో వంతు సిలికా, అంటే 0.7 టన్ను. ఒక్క గ్రాము వృథా కాదనుకున్నా దానికి సుమారు 0.8 టన్ను బూడిద, 4 టన్నుల ఊక, 20 టన్నుల ధాన్యం. 75 కిలోల బస్తాల్లో 270 దాకా. ఒక ఎకరం చెరువులో లీటరుకు ఒక్క మిల్లీగ్రాము తగ్గించడానికి ఏడెనిమిది ఎకరాల వరి పంట మీద వచ్చే ఊక కావాలి, ఉప్పు నీటి బాధ లెక్కలోకి తీసుకోకుండానే.

ఈ అంకెలు చూసి పరిశోధన దండగ అనుకోనక్కరలేదు. ఈ పదార్థం ఎక్కడ పనికొస్తుందో ఇవే చెబుతాయి. నీటి పరిమాణం తక్కువగా, అమ్మోనియా ఎక్కువగా, ఉప్పు లేకుండా ఉండే చోటు ఒకటుంది: మంచినీటి చేపపిల్లల రవాణా. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో నీరు కొద్ది లీటర్లే, గంటల తరబడి ప్రయాణంలో అమ్మోనియా పోగవుతుంది. సంచికి వేయాల్సింది గ్రాముల్లో ఉంటుంది, టన్నుల్లో కాదు. చేపల రవాణాలో జియోలైట్ వాడకం కొత్త సంగతేమీ కాదు. ఆకివీడు, కైకలూరు వైపు ఈ వ్యాపారం కళ్లెదుటే ఉంది. ‘రొయ్యల చెరువుకు పనికిరాదు, ఎందుకంటే ఇదిగో, చేపపిల్లల సంచికి పనికొస్తుంది, ఎంతంటే ఇదిగో’ అని చెప్పగలిగిన ప్రసంగం 216 కిలోల దగ్గర ఆగిపోయిన దానికంటే పది రెట్లు విలువైనది. సలహా కమిటీ అడిగేదాకా ఆగకుండా ఈ లెక్క తానే వేసుకొచ్చిన విద్యార్థి చేతిలో చర్చ ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ చెప్పిందని

సిమ్యులేషన్ ప్రసంగాల్లో ఇదే జబ్బు వేరే రూపంలో ఉంటుంది. ఇథనాల్, నీరు కలిసిన మిశ్రమం వాతావరణ పీడనం దగ్గర బరువులో 95.6 శాతానికి చేరాక మామూలు స్వేదనంతో ఇక వేరుపడదు. పెట్రోలులో కలపాలంటే ఆ మిగిలిన నీటినీ తీయాలి, డిస్టిలరీల్లో అందుకు మాలిక్యులార్ సీవ్ వాడతారు, అదీ ఒక జియోలైటే. ఆస్పెన్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఆదర్శ ద్రావణ నమూనా ఎంచుకుంటే స్వేదన కాలమ్ హాయిగా 99 శాతం తీసి చూపిస్తుంది. ట్రేలు పెంచితే ఇంకా పైకి పోతుంది. సాఫ్ట్‌వేర్ ఎదురు ప్రశ్న వేయదు. ఎన్‌ఆర్‌టీఎల్ లాంటి, ఆదర్శం కాని ద్రావణాలకు వాడే నమూనా ఎందుకు తీసుకున్నారో, దాని స్థిరాంకాలు ప్రయోగ ఫలితాలతో ఎంత దగ్గరగా ఉన్నాయో ఒక స్లైడు లేకపోతే వెనకవచ్చే ముప్పై స్లైడులూ గాలిలో ఉన్నట్టే. గ్యాసు మీద పనిచేసేవారు పెంగ్-రాబిన్సన్ (వాయువుల పీడనం, ఉష్ణోగ్రత, ఘనపరిమాణాలను కలిపే సమీకరణం) అని ఒక్క మాట అనేసి దాటేస్తారు. హైడ్రోకార్బన్లకు అది సరే. గ్యాసుతో నీరు, మిథనాల్ కూడా ఉంటే దాన్ని యథాతథంగా వాడటం కుదరదు.

రెస్పాన్స్ సర్ఫేస్ పద్ధతి (కొద్ది ప్రయోగాలతో ఏ కారకాల కలయికలో ఫలితం మెరుగో లెక్కగట్టే గణాంక పద్ధతి) మరీ ముద్దుబిడ్డ అయిపోయింది. మూడు కారకాలకు బాక్స్-బెన్‌కెన్ అనే ప్రయోగాల డిజైనులో 15 లేక 17 ప్రయోగాలు. రంగురంగుల ఉపరితలం, చివర్లో ‘ఆప్టిమమ్ పీహెచ్ 6.847’. పీహెచ్ మీటరే రెండో దశాంశం దగ్గర తడబడుతుంటే మూడో దశాంశం ఎక్కడిది? ఆ ఉపరితలం ఆప్టిమమ్ చుట్టూ ఎంత చదునుగా ఉందో చెబితే ప్లాంటు నడిపేవాడికి పనికొస్తుంది.

హాలు, స్లైడు, ప్రశ్న

ఈ విషయాల్లో చెప్పేది తక్కువే. స్లైడును పీడీఎఫ్‌గా కూడా దాచుకోవాలి. హాల్లోని కంప్యూటర్లో ఫాంటు లేకపోతే సమీకరణాల్లో గ్రీకు అక్షరాలు చదరపు డబ్బాలైపోతాయి. హాల్లో కిటికీ వెలుగు తెర మీద పడితే పసుపు, లేత ఆకుపచ్చ గీతలు కనబడవు. గ్రాఫులో అక్షరాలు చివరి బెంచీకి అందాలంటే 20 పాయింట్లకు తగ్గకూడదు, అంటే గ్రాఫులు గీసే ఆరిజిన్ సాఫ్ట్‌వేర్‌లో గీసినదాన్ని అలాగే తెచ్చి అతికిస్తే చాలదు. కరెంటు పోయి వస్తే పాత ల్యాంపు ప్రొజెక్టరు మళ్లీ వెలగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో బోర్డు మీద గీయగలిగిన ఒక బొమ్మ చేతిలో ఉంటే ప్రసంగం ఆగదు. స్లైడులు ఇంగ్లిష్‌లో ఉన్నా మొదటి నిమిషం తెలుగులో విడమరిచి చెబితే వెనక కూర్చున్న బీటెక్ పిల్లలు చివరిదాకా వింటారు.

ప్రశ్నల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అధ్యాపకుల ప్రశ్నలు నమూనా మీదా, ఖాళీ ప్రయోగం మీదా ఉంటాయి: జియోలైట్ లేకుండా అదే ఫ్లాస్కును ఊపితే అమ్మోనియా ఎంత తగ్గింది? మూత లేని ఫ్లాస్కులో, పీహెచ్ ఎక్కువగా ఉంటే అమ్మోనియా గాలిలోకి పోతుంది, ఆ పోయినదంతా జియోలైట్ ఖాతాలో పడుతుంది. ప్లాంటు నుంచి వచ్చిన అతిథులు అడిగేవి వేరు: వాడేశాక ఆ పొడిని ఏం చేస్తారు, కాలమ్‌లో నింపితే పీడనం ఎంత పడిపోతుంది, కిలో ఎంతకు గిట్టుతుంది. జవాబు తెలియనప్పుడు ‘ఫ్యూచర్ వర్క్ సార్’ అనడం రివాజు. ‘కొలవలేదు సార్. కొలవాలంటే సోడియం క్లోరైడు మూడు గాఢతల్లో అదే ప్రయోగం చేయాలి, వారం పడుతుంది’ అంటే అడిగినవారికీ పని దొరికినట్టు ఉంటుంది, చెప్పినవారికీ గౌరవం మిగులుతుంది.

ధన్యవాదాల స్లైడు తరవాత నాలుగు స్లైడులు దాచి ఉంచుకోవాలి: కాలిబ్రేషన్ గీత, ఖాళీ ప్రయోగం ఫలితం, ఒక్కో ప్రయోగం మూడుసార్లు చేసిన ముడి అంకెలు, సిలికా జమాఖర్చు. చర్చ జరుగుతున్నంతసేపూ ప్రశ్నలు రాసుకునే పని ప్రసంగించే విద్యార్థి తలకెత్తుకోకూడదు, ఆ హడావుడిలో సగం వినబడవు. తోటి స్కాలర్ ఒకరు కూర్చుని, ఎవరు ఏమడిగారో అడిగిన మాటల్లోనే రాయాలి. ఆ కాగితమే వచ్చే సెమిస్టరు కమిటీకి మొదటి స్లైడు: ఎడమ వైపు అప్పటి ప్రశ్న, కుడి వైపు ఇప్పటి కొలత.